నా డీఎన్ఏకి తుప్పు పట్టిన వానాకాలం

ముందే చెబుతున్నాను, ఇది ఒక ఘోరం. ఇందులో రక్తం ఉంది, కన్నీళ్లున్నాయి, వేపాకు కషాయం ఉంది, ఒక సంస్థ గేటు ముందు వెల్డర్ల ఊరేగింపు కూడా ఉంది. గుండె నిబ్బరం లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. చివరికి నేను చస్తానేమోనని మాత్రం కంగారు పడకండి. చచ్చి ఉంటే ఇది రాసేదెవరు? పోయింది పరువొక్కటే. అది ఇప్పటికీ తిరిగి రాలేదు.

అప్పుడు నేను కోల్‌కతాలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఏం చదువుతున్నావని ఎవరైనా అడిగితే, "డీఎన్ఏకి జరిగే రసాయనిక నష్టాన్ని మాస్ స్పెక్ట్రోమెట్రీతో కొలుస్తున్నాను" అని ఒక్క గుక్కలో చెప్పి, అవతలివాళ్ల మొహం చూసి ఆనందించేదాన్ని. ఆ ఆనందం కోసం ఆ వాక్యాన్ని అద్దం ముందు సాధన చేశాను కూడా. మీకు మాత్రం మర్యాదగా చెబుతాను. మన ఒంట్లో కణాల్లో డీఎన్ఏ ఉంటుంది కదా, అది నాలుగు రకాల ముక్కలతో అల్లిన పొడుగాటి దారం. ఆ నాలుగింటిలో గ్వానైన్ అనేది మహా మెతక. పొగ తగిలినా, లోహపు ధూళి తగిలినా, ఆఖరికి మనం ఊరికే ఊపిరి పీల్చుకుంటున్నా సరే, ఎక్కడో ఒకచోట దానికి ఒక ఆక్సిజన్ పరమాణువు అంటుకుంటుంది. ఇనుముకి తుప్పు పట్టినట్టే అనుకోండి. కొంచెం తుప్పు అందరికీ ఉంటుంది, ఒళ్లు దాన్ని ఎప్పటికప్పుడు తోముకుంటూ ఉంటుంది. మరీ పెరిగిపోతేనే భయం. తుప్పు పట్టిన ముక్క మామూలు ముక్క కంటే ఆ ఒక్క పరమాణువంత బరువెక్కుతుంది. ఆ పిసరంత తేడాని పట్టుకునే తక్కెడ పేరే మాస్ స్పెక్ట్రోమీటర్. మా సంస్థలో దానికి ప్రత్యేకంగా ఏసీ గది ఉండేది. మాకు ఉండేది కాదు.

మా గైడు ఒక బెంగాలీ మేడమ్. ఆవిడ గొంతు పెంచగా నేను ఎప్పుడూ వినలేదు. మనం ఏదైనా తప్పు చేస్తే కళ్లజోడు తీసి, చీర కొంగుతో తుడుచుకుంటూ "ఆచ్ఛా" అనేవారు. అంతే. ఆ ఒక్క మాట విన్నాక ఆ రోజు నాకు అన్నం సయించేది కాదు. ఆవిడ మాట్లాడేది ఇంగ్లిషూ బెంగాలీ కలిపి. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ, నా వణుకు మాత్రం ఉన్నదున్నట్టే ఉంచుతున్నాను.

వెల్డింగ్ పొగ రోజూ పీల్చేవాళ్ల రక్తంలో ఈ తుప్పు ఎంత ఉంటుందో, పీల్చనివాళ్లలో ఎంత ఉంటుందో పోల్చి చూడటం మా పని. వెల్డర్లని ఎక్కడ వెతకాలా అని మేడమ్ ఆలోచనలో పడితే, నేను మెడ నిక్కించి, "మా మావయ్యే వెల్డర్ మేడమ్" అన్నాను. జీవితంలో మొదటిసారి ఆవిడ నన్ను మెచ్చుకోలుగా చూశారు. రెండోసారి ఇంకా చూడలేదు.

అప్పలస్వామి మావయ్య మా అమ్మకి అన్న. కుర్రతనంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి లిలువాలో స్థిరపడ్డాడు. స్టేషన్ అవతల ఒక చిన్న షెడ్డులో పెద్ద మిస్త్రీ. తోటివాళ్లందరికీ అప్పల్‌దా, అంటే అప్పలన్న. పైడమ్మ అత్త దగ్గర ప్రతి జబ్బుకీ ఒక కషాయం ఉంటుంది. జబ్బు లేనివాళ్లకి వేరే కషాయం ఉంటుంది. ప్రతి ఆదివారం నేను మెట్రోలో గంగ అడుగునుంచి హౌరాకి చేరి, అక్కడ లోకల్ ఎక్కి, వాళ్లింట్లో పీకల్దాకా తిని, ఆ తిన్న నోటితోనే వాళ్లకి ఆరోగ్యం మీద ఉపన్యాసం ఇచ్చేదాన్ని.

అవునండీ, ఆ రోజుల్లో నా ఆరోగ్యం అంటే నాకు ఎంత గర్వమో చెప్పలేను. పొద్దున్నే మా గది దగ్గరున్న చెరువు చుట్టూ నడక, మొలకెత్తిన పెసలు, చక్కెర లేని టీ. వీధిలో ఎగ్ రోల్ బండి కనిపిస్తే పరాయి మగాణ్ని చూసినట్టు మొహం తిప్పుకునేదాన్ని. కాచిన నూనె మళ్లీ కాచొద్దని అత్తని సతాయించేదాన్ని. ఇక మావయ్యతో పోరు సరేసరి.

"మావయ్యా, షెడ్డులో మాస్కు పెట్టుకుంటున్నావా?"

"పెట్టుకుంతన్నాను గదే గుంటా. ఊపిరాడక సచ్చిపోతన్నాను."

"మరి బీడీ?"

"బీడీ కూడా ఆ మాస్కు లోపలే కాల్చుకోమంటావేటి?"

నెలల తరబడి ఇలా పోరగా పోరగా, మావయ్య మాస్కు రోజూ పెట్టుకోవడం మొదలుపెట్టాడు. బీడీ అన్నం తిన్నాక మాత్రమే అన్న దశకి వచ్చాడు. ఆయన్ని చూసి షెడ్డులో మిగతావాళ్లూ మాస్కులు తగిలించుకున్నారు. నా పీహెచ్‌డీ వల్ల లోకానికి ఒరిగింది ఏదైనా ఉందంటే అప్పటికి అదొక్కటే.

మావయ్య మాట మీద షెడ్డు మొత్తం ఒకరోజు సెలవు పెట్టి, తలలకి నూనె రాసుకుని వచ్చి, మా సంస్థ డిస్పెన్సరీలో రక్తం ఇచ్చి వెళ్లారు. ఆరోగ్యవంతుల వైపు మాత్రం ఇంకా ఎవరూ దొరకలేదు.

"పద్ధతి సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ప్రస్తుతానికి ఒక్కరు చాలు," అన్నారు మేడమ్. ఆవిడ వాక్యం ముగిసేలోపే నేను కుర్తా చెయ్యి పైకి మడిచి నిలబడ్డాను. ఈ మహానగరంలో నాకంటే ఆరోగ్యవంతురాలు ఎవరుంటారు చెప్పండి?

"సరే. ఒక్క మాట గుర్తుపెట్టుకో," అన్నారు ఆవిడ. "రక్తంలోంచి డీఎన్ఏని బయటికి తీసేటప్పుడు మన చేతుల్లోనే కొత్త తుప్పు పట్టొచ్చు. వేడి తగలకూడదు, గాలి ఎక్కువ తగలకూడదు. ఐసు మీద పెట్టు, కాపాడే మందు వెయ్యి. అందరివీ ఒకేలా చెయ్యి."

"అలాగే మేడమ్," అన్నాను. ఈ మాటలు నాకు కంఠతా వచ్చు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. చెప్పడానికేం, నేను ఎప్పుడూ వెనకాడలేదు.

ఇప్పుడు మా ఇంటి అలవాటు ఒకటి చెప్పాలి. మీ ఇంట్లోనూ ఇదే ఉండి ఉంటుంది. నలుగురు చుట్టాలొస్తే ముందు వాళ్లకి వడ్డిస్తాం. వేడన్నం వాళ్లకి, ముక్కలు వాళ్లకి, నెయ్యి వాళ్లకి. అందరూ చేతులు కడుక్కున్నాక మా అమ్మ వంటింట్లో కూర్చుని, గిన్నె అడుగు గీరుకుని, చారు నీళ్లు పోసుకుని, "నాకేంలే" అంటుంది. నేను ఆ అమ్మ కడుపునే పుట్టాను. ప్రయోగశాలలో కూడా నాకు అదే బుద్ధి.

వెల్డర్లు నాకు చుట్టాలు. మావయ్య తీసుకొచ్చిన మనుషులు. వాళ్ల రక్తం ఉన్న గొట్టాలని కొత్తల్లుళ్లని చూసినట్టు చూశాను. నిండుగా ఐసు, నిండుగా మందు, ఆరబెట్టడానికి గాలి తీసేసే యంత్రంలో మెత్తగా, నెమ్మదిగా. నా వంతు వచ్చేసరికి మందు సీసా అడుగున తడి మిగిలింది. ఐసు నీళ్లైంది. ఆరబెట్టే యంత్రంలోకి పక్క ల్యాబువాళ్ల గొట్టాలు దిగాయి. "నాకేంలే" అన్నాను. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"ఇంకా బయల్దేరనేదేటే?" అత్త గొంతు. "పీతల పులుసు సేసినాను. సల్లారిపోతంది."

"వచ్చేస్తున్నా అత్తా!"

పీతల పులుసు ముందు సైన్సు ఎంతసేపు నిలబడుతుంది? మిగిలిన పని చకచకా ముగించి, గొట్టానికి మూత బిగించి ఫ్రీజర్‌లో పెట్టి, సంచి భుజాన వేసుకుని వానలో పరుగెత్తాను. ఆ సంచిలో గొడుగు, దువ్వెన, హెయిర్ డ్రయ్యర్ ఎప్పుడూ ఉండేవి. కోల్‌కతా వానల్లో నా జుట్టు దానంతటది ఆరిన పాపాన పోలేదు. పులుసు మాత్రం అద్భుతంగా ఉంది, ఆ సంగతి దాచను.

తరవాతి వారం యంత్రం ఫలితాలిచ్చింది. తెర మీద తుప్పు పట్టిన గ్వానైన్ ఎంత ఉంటే అంత ఎత్తు శిఖరం లేస్తుంది. వెల్డర్లవి ఒక్కొక్కటే చూశాను. బుజ్జి బుజ్జి గుట్టలు. పొగ పీల్చేవాళ్లవే ఇంతుంటే నాది కనబడుతుందో లేదో అని ముసిముసిగా నవ్వుకుంటూ నాది తెరిచాను.

హౌరా వంతెన లేచింది.

కళ్లు నులుముకున్నాను. చీటీ చూశాను, నా చేతిరాతే. యంత్రాన్ని మళ్లీ నడిపించాను. మళ్లీ వంతెన. "ఇది నాది కాదు" అని పైకే అన్నాను. ఏసీ గదిలో వినడానికి ఎవరూ లేరు.

పద్ధతిలో తప్పేమో అని అనుమానం రాలేదా అని మీరు అడగొచ్చు. వచ్చింది. వెంటనే దాన్ని తర్కంతో చావగొట్టాను. పద్ధతి తప్పైతే వెల్డర్లవీ తప్పు రావాలి కదా! వాళ్లవి చక్కగా వచ్చాయి కదా! కనక తప్పు పద్ధతిలో లేదు, నాలోనే ఉంది. చూశారా, ఎంత గట్టి తర్కమో. ఇంత తెలివున్న పిల్ల ఇంక ఎన్నాళ్లో బతకదని నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

మేడమ్ తలుపు దగ్గర నిలబడి, "ఫలితాలొచ్చాయా?" అన్నారు.

"ఇంకా లెక్కలు చూస్తున్నాను మేడమ్."

"ఆచ్ఛా," అన్నారు. ఆ రోజు ఆ మాట కూడా నాకు సంతాపంలాగే వినిపించింది.

ఎందుకు దాచానంటే, భయం. ఆవిడకి చెబితే అది నిజమైపోతుందని భయం. అంతకు మించి కారణం లేదు. అప్పటినుంచి నా బతుకు చూడాలి. పొద్దున్న అద్దంలో నాలుక చూసుకోవడం, మధ్యాహ్నం గోళ్లు చూసుకోవడం, సాయంత్రం దిండు మీద రాలిన వెంట్రుకలు చూసుకోవడం. మెట్లెక్కితే ఆయాసం. అంతకుముందూ ఉండేదేమో గానీ, అప్పుడు దాన్ని వ్యాయామం అనుకునేదాన్ని. ఫోన్ తెరిచి ఒక లక్షణం వెతికితే అది నాకు లేని జబ్బులన్నీ చూపించేది, చదువుతూ ఉండగానే అవి నాకు వచ్చేసేవి. నా ప్రెషర్ కుక్కర్ ఎవరికివ్వాలా అని మెట్రోలో గంగ కింద వెళుతూ తీవ్రంగా ఆలోచించాను. ఒకరోజు వీధిలో ఎగ్ రోల్ బండి ముందు ఆగిపోయాను. ఇన్నాళ్లూ మొలకలు తిని ఏం బావుకున్నాను? కన్నీళ్లు తుడుచుకుంటూ ఎగ్ రోల్ తిన్నాను. చాలా బాగుంది. గది చేరేసరికి ఆ నూనె నా డీఎన్ఏని ఇంకా తుప్పు పట్టిస్తోందేమోనన్న భయంతో చెంబెడు వేన్నీళ్లు తాగాను.

ఆదివారం లిలువాలో అత్త బజ్జీలు వేసింది. నేను మూకుడు వంక చూసి ఊరుకున్నాను. ఆవిడ చేతిలో జల్లిగరిటె ఆగిపోయింది.

"ఏవండోయ్, ఇలగ రండి!" అని మావయ్యని కేకేసింది. "గుంట నూనె గురించి ఏటీ అన్నేదు. దీనికి ఒంట్లో బాగో నేదు."

"ఏం లేదత్తా."

"ఏటీ నేకపోతే మొకం అలగెందుకున్నాది? సెప్పు. నాకు సెప్పకపోతే మీ అమ్మకి ఫోన్ సేస్తాను."

అమ్మ పేరు ఎత్తేసరికి నా ధైర్యం కరిగిపోయింది. ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. ఎవరి ఫలితం ఎంతో బయట చెప్పకూడదు గనక వెల్డర్లది అందరిదీ కలిపి సగటే చెప్పాను. అంత ఏడుపులోనూ నియమం తప్పలేదు, గమనించండి.

మావయ్య వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు. తరవాత అన్నాడు, "అంటే, మా అందరికన్నా నీదే ఎక్కువ పాడైపోనాదా?"

"అవును మావయ్యా."

"పొగ మేం పీలస్తన్నాం. తుప్పు నీకు పట్టిందేటే?"

"ఓలమ్మో, నా తల్లే!" అని అత్త నన్ను పొదువుకుని, ఇంకో చేత్తో వేపాకు కోసి కషాయం పెట్టింది. అది తాగాక బతకాలన్న కోరిక కొంచెం తగ్గింది.

అసలు దెబ్బ ఇంకా పడలేదు. నేను కషాయపు గ్లాసు కింద పెట్టి తలెత్తేసరికి మావయ్య గుమ్మంలో కూర్చుని బీడీ వెలిగించాడు. అన్నం ఇంకా తినలేదు.

"మావయ్యా! అదేంటి?"

"మరి నువ్వు అన్నీ మానీసినావు గదే," అన్నాడు, నన్ను నొప్పించకూడదన్నట్టు మెల్లగా. "ఏటయ్యింది?"

మాట మార్చాను. మాస్కు ఎక్కడుందని అడిగితే అత్త వంటింటి మేకు చూపించింది. ఆవిడ ఎండుమిరపకాయలు దంచేటప్పుడు పెట్టుకుంటోందట. ఊపిరాడటం లేదని మావయ్య శనివారమే దాన్ని ఇంట్లో వదిలేశాడట. ఇక సోమవారం షెడ్డులో ఈ వార్త పాకాక ఎవరి మాస్కు ఎవరి వంటింటికి చేరుతుందో నాకు కళ్లకి కట్టినట్టు కనిపించింది. అప్పటిదాకా నా ప్రాణానికే భయపడుతున్నాను. ఆ రాత్రి లోకల్లో తిరిగొస్తూ వాళ్ల ప్రాణాలకి కూడా భయపడ్డాను. ఇంత భయం ఒక్క మనిషికి ఎక్కువండీ.

ఆ వారం మధ్యలో ల్యాబుకి గేటు నుంచి ఫోన్ వచ్చింది. "దీదీ, మీకోసం మనుషులొచ్చారు," అన్నాడు సెక్యూరిటీ దాదా. "చాలామంది."

వెళ్లి చూస్తే షెడ్డు షెడ్డంతా గేటు ముందు నిలబడి ఉంది. అందరూ ఉతికిన చొక్కాలు వేసుకున్నారు. ముందు మావయ్య. ఆయన పక్కన శిబూదా. షెడ్డులో మావయ్య తరవాత పెద్ద ఆయనే, బెంగాలీ మనిషి. చేతిలో లేత కొబ్బరిబొండాల గెల. ఒక్కరి మొహానా మాస్కు లేదు.

"ఏంటి మావయ్యా ఇది?"

"నీకేటీ అవదు. నువ్వు భయపడకు," అన్నాడు మావయ్య. "మా రక్తం మంచిదని మీ మిషనే సెప్పింది గదా. ఎంత గావాలో తీసుకో."

"ఎక్కించుకోండి దీదీ," అన్నాడు శిబూదా బెంగాలీలో, అప్పుడే చెయ్యి చాపి. "నాది తీసుకోండి ముందు."

శిబూదా చాపిన చెయ్యి మెల్లగా దించాను. వెనక్కి తిరిగి చూద్దును కదా, గొడుగు కింద మేడమ్.

"ఎవరు వీళ్లు?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే మావయ్య చేతులు జోడించాడు. తన లిలువా హిందీలో మొత్తం చెప్పేశాడు. మా పిల్ల రక్తం తుప్పు పట్టిపోయిందట మేడమ్‌జీ, మాది బాగుందట, మాది దీనికి ఎక్కించండి, ఇది లేకపోతే మా చెల్లెలికి నేను మొహం చూపించలేను.

మేడమ్ కళ్లజోడు తీశారు. కొంగు అందుకున్నారు. తుడుస్తున్నారు, తుడుస్తున్నారు.

"ఆచ్ఛా," అన్నారు.

ఆ రోజుకి నా అన్నం సంగతి మీకు తెలుసు.

"నీ గొట్టాన్ని ఏం చేశావో మొదటినుంచి చెప్పు," అన్నారు. అక్కడే, గేటు దగ్గరే, వెల్డర్లందరి ముందూ.

"అందరివీ ఎలా చేశానో అలాగే మేడమ్."

"మందు?"

"అయిపోవచ్చింది మేడమ్. అడుగున ఉన్నది వేశాను."

"ఐసు?"

"కరిగిపోయింది."

"చివర్న ఆల్కహాల్‌తో కడిగావు. అది ఆరడానికి చాలాసేపు పడుతుంది. యంత్రంలో పెట్టావా?"

"యంత్రం ఖాళీ లేదు మేడమ్."

"మరి ఎలా ఆరింది?"

నా బుర్రలో ఏదో ఒకటి నెమ్మదిగా, చాలా నెమ్మదిగా వెలిగింది. అది వెలగకుండా ఉంటే బాగుండుననిపించింది.

"హెయిర్ డ్రయ్యర్ పట్టాను మేడమ్."

"చల్లగాలా, వేడిగాలా?"

"వేడిది మేడమ్. ఫుల్లులో పెట్టి."

మేడమ్ కళ్లజోడు తుడవడం ఆపేశారు. మావయ్యకి మా మాటల్లో సగమే అర్థమైనట్టుంది, నా వైపు తిరిగి తెలుగులో అడిగాడు, "ఏటే? రక్తానికి జుట్టు ఆరబెట్టే మిషను పట్టీసినావా?"

"పీతల పులుసు చల్లారిపోతుందని..." అన్నాను. అంతకన్నా మంచి సమాధానం ఈ రోజుకీ నాకు దొరకలేదు.

"నువ్వు కొలిచింది నీకు జరిగిన నష్టం కాదు," అన్నారు మేడమ్, గొంతు పెంచకుండానే. "నువ్వు చేసిన నష్టం. వేడి, గాలి, మందు లేదు. డీఎన్ఏ నీ ఒంట్లోంచి బయటికొచ్చాక పట్టిన తుప్పు అది. పైగా నాకు చూపించకుండా లిలువాలో ప్రకటించావు. ఒక మనిషి మీద వచ్చిన ఒక అంకె జాతకం కాదని నీకు నేను చెప్పలేదా?"

చెప్పారు. చాలాసార్లు చెప్పారు. నేనే స్వయంగా జూనియర్లకి చెప్పాను.

ఎలాగూ అందరూ వచ్చారు గనక మళ్లీ అందరి దగ్గరా రక్తం తీశారు. నాదీ తీశారు. ఈసారి మేడమ్ పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నారు. నా గొట్టం మిగతా గొట్టాల మధ్యలో కూర్చుంది. దానికీ నిండుగా ఐసు, నిండుగా మందు. నా సంచి బయటే ఉండిపోయింది. శిబూదా కొబ్బరిబొండాలు కొట్టించి సెక్యూరిటీ దాదాతో సహా అందరికీ తాగించాడు.

ఫలితాలు వచ్చేదాకా నేను సరిగ్గా నిద్రపోలేదు. తెర మీద నా శిఖరాన్ని ఒక కన్ను మూసుకుని తెరిచాను. చిన్న గుట్ట. అన్నిటికంటే చిన్నది. ఒక్క క్షణం ఆ కుర్చీలోనే ఎగిరి గంతేశాను. ఆ తరవాత వెల్డర్లవి తెరిచాను. అవి మొదటిసారి ఎలా వచ్చాయో ఇప్పుడూ అలాగే వచ్చాయి. నా వంతెన పక్కన అవి బుజ్జిగా కనబడ్డాయి. నా గుట్ట పక్కన పెడితే అన్నీ కొండలే. చీటీల మీద పేర్లుండవు, అంకెలే. ఏది మావయ్యదో నాకు తెలియదు. ఏది ఆయనదైనా అది నాకంటే ఎత్తే. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన శుభవార్త ఎదురుగా ఉంటే, నాకు అస్సలు సంతోషం కలగలేదు. భయం నా దగ్గర్నుంచి లేచి మావయ్య పక్కన కూర్చుంది, అంతే తేడా.

మేడమ్ అనుమతి తీసుకుని మరీ లిలువా వెళ్లాను. ఈసారి చేతిలో షెడ్డు మొత్తానికీ సరిపడా కొత్త మాస్కుల డబ్బా. మావయ్య గుమ్మంలో బీడీ కాలుస్తున్నాడు.

"ఏటయ్యింది?" అన్నాడు, బీడీ మర్చిపోయి.

"నాది బాగానే ఉంది మావయ్యా. నాకేం కాలేదు."

"సచ్చిపోవన్నమాట."

"చావను."

అత్త వంటింట్లోంచి పరుగున వచ్చి కళ్లు ఒత్తుకుంది. నాకు దిష్టి తీసింది. తీస్తూ తీస్తూ నెత్తిన ఒక మొట్టికాయ కూడా వేసింది. మావయ్య చాలాసేపు నవ్వాడు. తరవాత నా మొహం చూశాడు.

"మరి మావి?"

"మీ అందరివీ నాకంటే ఎక్కువే మావయ్యా. జబ్బు ఉందని కాదు. కానీ పొగ పని చేస్తోంది. మొదటిసారి నేను చెప్పింది తప్పు. మాస్కు మానొద్దు."

మావయ్య చేతిలో కాలిపోతున్న బీడీ వంక చూశాడు. కాసేపటికి ఆయన కళ్లల్లో ఏదో ఆశ మెరిసింది.

"ఒకపాలి బాగా గుర్తు తెచ్చుకోయే. మా గొట్టాలకి కూడా ఆ మిషను పట్టీసినావేమో."

"లేదు మావయ్యా."

"కూసింతైనా?"

"లేదు. మిమ్మల్ని చుట్టాల్లా చూసుకున్నాను. మీకు అన్నీ నిండుగా వేశాను."

"అదే తప్పయిపోనాది," అన్నాడు.

అని, బీడీ నేలకేసి నలిపాడు. లేచాడు. నా కొత్త డబ్బా వైపు చూడనైనా చూడలేదు. మనిషికి మాట వినాలనిపించినప్పుడు ఆ నిమిషంలోనే చెయ్యాలి కదా. గబగబా వంటింట్లోకి వెళ్లి, మేకుకున్న పాత మాస్కు తీసి, ముక్కుకి గట్టిగా తగిలించుకుని, గుండెల నిండా ఊపిరి పీల్చాడు.

"ఓలప్పా, అందులో మిరప్పొడి..." అని అత్త అనేసరికే ఆలస్యమైపోయింది. ఆ తుమ్ములకి లిలువా లోకల్ ఆగి ఉంటుంది. మావయ్య కళ్లనీళ్లు కారుస్తూ, తుమ్ముల మధ్య సందు చూసుకుని అన్నాడు, "ఏటే... ఇది... ఆరోగ్యానికేనా?"

కాబట్టి, గంగ సాక్షిగా, ఏసీ గదిలో కూర్చున్న ఆ తక్కెడ సాక్షిగా, మావయ్య ముక్కు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా గొట్టాన్ని కూడా చుట్టాల పంక్తిలోనే కూర్చోబెడతాను. "నాకేంలే" అన్న మాట ప్రయోగశాల గుమ్మం బయటే వదిలేస్తాను. పీతల పులుసు చల్లారితే చల్లారనిస్తాను. వేడి చేసుకుని తింటాను. హెయిర్ డ్రయ్యర్ అత్తకి ఇచ్చేశాను. ముసురు పట్టినప్పుడు ఆవిడ దాంతో వడియాలు ఆరబెట్టుకుంటోంది. వాటికి ఎంత తుప్పు పడుతోందో కొలవమని మేడమ్ అడిగినా సరే, నేను కొలవను.